గిరీశానికున్న ధైర్యం మనకెందుకు లేదు? (మా మాట – 7)

పోయిన భాగం చివర హాస్టల్ మెస్సుల గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారం, తిట్టుకోకండి. మధ్యలో ఒక సంగతి జరిగింది. దాన్ని పక్కన పెట్టి అన్నం గురించి రాయడం నా వల్ల కాలేదు.

మంగళవారం సాయంత్రం రాయదుర్గం మెట్రో స్టేషన్ కింద నా పాత విద్యార్థిని కలిసింది. గురుకులంలో చదువుకుని, మా కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ చేసి, ఆ తర్వాత ఎంసీఏ చేసిన అమ్మాయి. పొద్దున్నుంచి ఒక కంపెనీలో ఇంటర్వ్యూ. రాత పరీక్ష అయింది. కోడింగ్ రౌండు అయింది. రెండింట్లోనూ నిలబడింది. చివరికి హెచ్ఆర్ రౌండు. ఎదురుగా కూర్చున్నావిడ నవ్వుతూనే అడిగిందట, 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అని. ఈ అమ్మాయి పేరు చెప్పింది. ఊరు చెప్పింది. ఆగిపోయింది. ఇంక నోట్లోంచి మాట రాలేదు. 'కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోండి' అని పంపించేశారు.

చాయ్ గ్లాసు పట్టుకుని చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ ఉంది. తర్వాత అన్నది: "ఇంగ్లీష్ వస్తది సార్. చదివితే అర్థమైతది, రాస్త కూడ. అక్కడ కూసుంటే నోరు లేస్తలేదు."

ఈ మాట నాకు కొత్త కాదు. ఏటా ఎవరో ఒకరు అంటారు. పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో నేనూ అన్నాను. ఎప్పుడు విన్నా, "ప్రాక్టీస్ చెయ్యమ్మా, కాన్ఫిడెన్స్ పెంచుకో" అని చెప్పి పంపేవాణ్ణి. అది ఎంత చేతగాని సలహానో మంగళవారం తెలిసింది. ఎందుకంటే ఈసారి సలహా ఇవ్వకుండా ఒక ప్రశ్న అడిగాను. "ఊరి పేరు చెప్పి ఆగిపోయినవు గదా. ఆగిన కాడ నీ తలకాయల ఏం నడుస్తున్నది?"

గ్రామర్ అంటుందనుకున్నాను. 'ఈజ్' రావాలా 'వాజ్' రావాలా అని తడబడ్డానంటుందనుకున్నాను. ఆమె చెప్పింది వేరు. "తర్వాత నాయన ఏం జేస్తడో చెప్పాలె గద సార్. పంచాయతీల సఫాయి పని అని ఎట్ల చెప్పాలె? గురుకులం అంటే ఎస్సీ అని తెలుస్తదేమో. ఆ పేరు చెప్పకుంట పదో తరగతి ఎక్కడ చదివిన్నని చెప్పాలె?"

ఇంగ్లీషు రాక ఆగిపోలేదండీ ఆ పిల్ల. ఆ నాలుగు సెకన్లలో ఆమె తెలుగులోంచి ఇంగ్లీషులోకి అనువాదం చేసుకోవడం లేదు. తన బతుకులో ఏది చెప్పొచ్చో, ఏది దాచాలో ఏరుకుంటోంది. నాయన పని తీసేసింది. బడి పేరు తీసేసింది. వాడ తీసేసింది. అన్నీ తీసేశాక చెప్పడానికి ఏం మిగిలింది? పేరూ ఊరూ. ఆ రెండూ చెప్పేసింది. దాన్ని మీరు కమ్యూనికేషన్ లోపం అన్నారు.

ఇది నా ఊహ అని కొట్టిపారేసేవాళ్ల కోసం ఒక మాట. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కలిసి ఒక వ్యాసం రాశారు. పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలిచ్చేవాళ్లతో మాట్లాడి రాసింది. మేం కులం చూడం, మెరిట్టే చూస్తాం అంటారు వాళ్లు. ఆ నోటితోనే 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' చాలా ముఖ్యం అంటారు. తండ్రి ఏం చేస్తాడు, ఏ ఇంట్లోంచి వచ్చాడు అనేది మనిషి గుణం చెబుతుందట. అంటే మా అమ్మాయి భయపడింది లేని దయ్యానికి కాదు.

అదే ఏడాది, అదే పత్రికలో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఇంకో పరిశోధన అచ్చు వేశారు. పేపర్లలో పడ్డ ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే. పేర్లే వేరు. ఒకటి పై కులం పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. పై కులం పేరుకి పిలుపు వచ్చే సాధ్యతను 1 అనుకుంటే దళిత పేరుకి అది 0.67 దగ్గర ఆగింది. గమనించండి, అక్కడ ఎవరూ నోరు విప్పలేదు. యాస వినపడలేదు. కాగితం మీద ఇంగ్లీషు అందరిదీ ఒకే స్థాయి. ఇంగ్లీషు సమానంగా ఉన్నచోట కూడా పేరు దగ్గర తలుపు పడింది. కనుక, "మీవాళ్లకి ఇంగ్లీష్ రాదు, అదొక్కటే ప్రాబ్లమ్" అని జాలిగా చెప్పే పెద్దమనుషులకి నా జవాబు: అదొక్కటే కాదు బాబూ.

ఇప్పుడు అమీర్‌పేట సంగతి. మెట్రో బ్లూ లైన్లో అమీర్‌పేట తర్వాత ఎనిమిదో స్టేషన్ హైటెక్ సిటీ. ఆ ఎనిమిది స్టేషన్ల దూరాన్ని అమ్ముకుని బతికే వ్యాపారం మైత్రీవనం చుట్టూ ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభానికో బోర్డు. ముప్పై రోజుల్లో ఇంగ్లీష్. నలభై రోజుల్లో భయం మాయం. నేనూ కట్టాను ఫీజు, ఫెలోషిప్ డబ్బులు చేతికి రాగానే. ఆ సెంటర్ పేరు చెప్పను, అందరూ చెప్పే పాఠం అదే. మొదటి రోజు 'మై హాబీ' గురించి మాట్లాడమన్నాడు మాస్టరు. రెండో రోజు 'మై ఫేవరెట్ హిల్ స్టేషన్'. నాకు తెలిసిన గుట్ట మా ఊరి వెనక గుట్ట. సెలవుల్లో అక్కడ మేకలు కాసేవాణ్ణి. అది చెబుదామని లేచి, క్లాసు మొఖాలు చూసి, 'ఊటీ' అని కూర్చున్నాను. ఊటీ నేను ఇప్పటికీ చూడలేదు.

మూడో వారం 'సెల్ఫ్ ఇంట్రడక్షన్' రాయించాడు. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హోమ్‌మేకర్. క్లాసులో ముప్పై మందిమి అదే బట్టీ పట్టాం. భూమి లేని మా నాయన రైతయ్యాడు. నాట్లకీ కలుపుకీ పొద్దున ఆరింటికి ఇల్లు వదిలే మా అమ్మ హోమ్‌మేకర్ అయింది. ఇంట్లో కూర్చోవడం అనేది మా అమ్మకు జ్వరమొస్తే తప్ప తెలియదు. ఇలా మా అమ్మనీ నాయన్నీ మార్చుకుంటేగానీ నోటికి రాని భాషలో నాకు ధైర్యం ఎలా వస్తుంది? నలభై రోజుల తర్వాత నేను నేర్చుకున్నది ఒక్కటే. తప్పు దొర్లకుండా ఉండాలంటే నోరు మూసుకోవడం ఉత్తమం.

కానీ న్యాయంగా చెప్పాలంటే నన్ను మొదట నోరు మూయించింది ఇంగ్లీషు కాదు. తెలుగు.

ఆరో తరగతిలో తెలుగు వాచకం నిలబడి చదవమన్నారు. 'భారతదేశం' అని ఉన్నదాన్ని నేను 'బారతదేసెం' అన్నాను. క్లాసు గొల్లుమంది. పంతులుగారు నవ్వలేదు, అది ఇంకా ఘోరం. 'వీళ్లకి నాలుక తిరగదు' అన్నారు, బహువచనంలో. నేను ఒక్కణ్ణే చదివాను, నాలుక తిరగనిది మాత్రం 'వీళ్ల'కి. ఆ బహువచనమే కులం. పై కులం పిల్లవాడు తప్పు చదివితే వాడు సరిగ్గా చదవలేదని అర్థం. మనం తప్పు చదివితే మన ఇంటిపేర్లూ, వాడా, తాతముత్తాతలూ కలిసి తప్పు చదివినట్టు.

తర్వాత తెలుగులోనే డాక్టరేటు చేశాను కాబట్టి ఇప్పుడు తెలుసు. ఆ ఒత్తు అక్షరాలు అచ్చ తెలుగు మాటల్లో సహజంగా ఉన్నవి కావు. సంస్కృతంతో పాటు వచ్చినవి. ద్రావిడ భాషలకి మూలంలో మహాప్రాణాలు లేవు. మా నాయనమ్మ నాలుక తిరగకపోవడం కాదు, తెలుగు నాలుక అలాగే తిరుగుతుంది. దాన్నే తప్పు అని నేర్పి, మాకు పదకొండేళ్లకే మా నోటి మీద మాకు నమ్మకం లేకుండా చేశారు. ఆ పిల్లవాడు పెరిగి ఇరవై నాలుగేళ్లకు హైటెక్ సిటీలో ఏసీ గదిలో కూర్చుంటే, ఎదురుగా ఉన్నది హెచ్ఆర్ మేడమే కావచ్చు, వాడికి కనపడేది ఆరో తరగతి పంతులు.

గౌతమ ధర్మసూత్రం ఏమందో మన సభల్లో అందరం చెబుతుంటాం. శూద్రుడు వేదం వింటే చెవుల్లో సీసం పోయాలి, పలికితే నాలుక కోయాలి. అది పాతకాలం సంగతి అనుకుంటాం. నాలుక ఇప్పుడు కోయడం లేదు నిజమే. అది దానంతటది అంగిట్లోకి ముడుచుకునేలా పెంచుతున్నారు.

ఇక గిరీశం. తెలుగు మేష్టర్ని కదా, కన్యాశుల్కం లేకుండా నా వ్యాసం గడవదని మీరు ఎలాగూ అనుకుంటారు. 1892లో మొదట ఆడిన నాటకం, 1897లో అచ్చయింది. అందులో అగ్నిహోత్రావధానులు ఇంట్లో సీను గుర్తు చేసుకోండి. కొడుకు చదువుకి పెట్టిన డబ్బు దండగ కాలేదని తల్లి వినాలనుకుంటుంది. గిరీశం, వెంకటేశం ఆమె ముందు ఇంగ్లీషులో 'మాట్లాడుకుంటారు'. ఏం మాట్లాడతారు? ఒకరు పిల్లల పాట ముక్క అంటే, ఒకరు రీడర్లో వాక్యం అంటారు. రేఖాగణితం సిద్ధాంతం కూడా వల్లిస్తారు. ఒక మాటకీ ఇంకో మాటకీ సంబంధం లేదు. తల్లి మురిసిపోతుంది.

నూరేళ్ల పైనుంచి ఆ సీను చూసి నవ్వుకుంటున్నాం. నేను క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు పడి పడి నవ్వుతారు. ఒక ఏడు మాత్రం వెనక బెంచీ కుర్రాడు లేచి అడిగాడు, "సార్, ఆళ్లకు భయం ఎందుకు కాలేదు?" నేను జవాబు చెప్పలేక గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను. ఇప్పుడు చెబుతున్నాను. పరీక్ష తప్పినవాడూ, ఆ సీనులో ఇంగ్లీషులో సొంత వాక్యాలు కూర్చకుండా నెట్టుకొచ్చినవాడూ ఆ ఇంట్లో అంత ధీమాగా నోరు తెరవగలిగారంటే, ఆ ధైర్యం ఇంగ్లీషు ఇచ్చింది కాదు. ఆ ఇల్లు ఇచ్చింది. తప్పు పోయినా వాళ్ల కుర్చీ ఎక్కడికీ పోదు. గిరీశం వారసులు ఈరోజు మాదాపూర్లో టీములు నడుపుతున్నారు. వాళ్ల ఇంగ్లీషులోనూ బోలెడు తెలుగుంది, కావాలంటే చెవి పెట్టి వినండి. వాళ్లు తప్పు మాట్లాడితే 'మన తెలుగు యాక్సెంట్' అని ముద్దు. మనం మాట్లాడితే 'కమ్యూనికేషన్ ప్రాబ్లమ్'.

'అయితే తప్పు లేకుండా నేర్చుకోండి, గౌరవం అదే వస్తుంది' అంటారు. జాషువా నేర్చుకోలేదా? వినుకొండ జాషువా కంటే శుద్ధంగా పద్యం చెప్పినవాళ్లు ఆ తరంలో ఎందరున్నారు? ఛందస్సు తప్పలేదు, యతి తప్పలేదు. అయినా సభలో పద్యం చదివితే అంటరానివాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని గొడవ చేశారు. పద్యంలో తప్పు దొరకలేదు కాబట్టి మనిషిలో వెతికారు. ఇక ఇంగ్లీషు సంగతి. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో మీద కుల వివక్ష దావా వేసింది. అందులో బాధితుడిగా చెప్పిన దళిత ఇంజనీరు అమెరికాలో ఇంగ్లీషులో పనిచేసుకుంటున్న మనిషే. ఇద్దరు మేనేజర్ల మీద వేసిన కేసును 2023లో వెనక్కి తీసుకున్నారు. కంపెనీ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. ఇంగ్లీషు ధారాళంగా వచ్చినచోట కూడా కులం గురించి కోర్టుకు వెళ్లాల్సి వచ్చిందన్నదే నేను చెప్పేది. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 'తప్పుల్లేని ఇంగ్లీషు' అనే గుర్రం వెనక పరిగెత్తకండి. అది వాళ్లు పెంచుకునే గుర్రం. మనం దగ్గరికొచ్చినప్పుడల్లా అదిలిస్తారు.

మరి పెద్దయ్యాక భాష రాదా? ఎందుకు రాదు. హైదరాబాదులో బతికేవాళ్లు ఆ ప్రశ్న అడగకూడదు. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో ముప్పై ఏళ్ల వయసులో వచ్చి ఆటో తోలేవాడికి హిందీ ఎవరు నేర్పారు? సిటీకి వచ్చిన ఏడాదికల్లా బేరమాడతాడు, పోలీసుతో వాదిస్తాడు, అలిగిన సవారీని బుజ్జగిస్తాడు. ఆడదాన్ని 'ఆతా' అంటాడు, మగవాణ్ణి 'ఆతీ' అంటాడు. అందరూ నవ్వుతారు, వాడూ నవ్వుతాడు, బండి ముందుకు పోతుంది. హిందీ రాలేదని కుమిలిపోయిన ఆటో డ్రైవర్ని మీరు చూశారా? స్పోకెన్ హిందీ కోసం అమీర్‌పేటలో ఫీజు కట్టినవాణ్ణి చూశారా? పెద్ద వయసులో భాష అలాగే వస్తుంది. అవసరం ఉండాలి, రోజూ వాడాలి, తప్పు పోతే కొంప మునగదని తెలియాలి. ఇంగ్లీషు దగ్గర మొదటి రెండూ మనకున్నాయి. మూడోదాన్ని మన చేతికి రానివ్వలేదు.

ఇంకో రుజువు మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. వాళ్ల పిన్ని రాయదుర్గం దగ్గర ఒక టవర్లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆమె చదివింది ఐదో తరగతి. చాయ్ తాగుతుండగా షిఫ్ట్ దిగి వచ్చింది, అక్కడే పరిచయం. ఆమె ఇంగ్లీషు విన్నాను. "మేడమ్, ఫ్లోర్ వెట్, స్లో గో." "సార్, దిస్ లిఫ్ట్ నో, దట్ లిఫ్ట్." రాత్రి షిఫ్టులో ఒక విదేశీ క్లయింటుకి వాష్‌రూమ్ దారి చూపించి, నీళ్లు తాగించి, టాక్సీ ఎక్కించానని చెప్పింది. భయం కాలేదా అక్కా అంటే "ఎందుకు సార్, ఆయన గూడ మనిషే గద" అన్నది. పక్కనే ఎంసీఏ చదివిన బిడ్డ తల దించుకుని కూర్చుంది.

తేడా ఎక్కడుందో చూడండి. పిన్ని ఇంగ్లీషుని ఎవరూ తూకం వెయ్యరు. ఆమె తుడిచే ఫ్లోరుకి ఇంగ్లీషుతో పనిలేదని వాళ్ల లెక్క, అందుకే ఆమె స్వేచ్ఛగా మాట్లాడుతుంది. బిడ్డ అదే ఫ్లోరులో కుర్చీ అడిగింది. కుర్చీ అడిగిన క్షణం నుంచి ప్రతి అక్షరానికీ లెక్క మొదలైంది. 1998 నవంబరు 22న వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటి నుంచి ఈ అద్దాల మేడల్లోకి మనవాళ్లు రాలేదని ఎవరన్నారు? మొదటి రోజే వచ్చారు, చీపురు పట్టుకుని. పనికి మాత్రం ఇంగ్లీషు పేరు పెట్టారు. ఊరు ఊడ్చేది హౌస్‌కీపింగ్ అయింది. మనదాకా ఇంగ్లీషు అన్నిటికంటే వేగంగా చేరింది ఆ పేర్ల రూపంలోనే.

ఇక్కడ ఇద్దరు మిత్రులతో నాకు పేచీ ఉంది. మొదటివారు తెలుగు భాషాభిమానులు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, 2022లో తెలంగాణ సర్కారు బడులు ఇంగ్లీషు మీడియానికి మారినప్పుడు, ప్రతిసారీ నాకు ఫోన్లు. 'తెలుగు మేష్టరువై ఉండి నువ్వు కూడానా?' అవును, నేను కూడా. మీ మనవలు డల్లాస్‌లో పద్యాలు నేర్చుకుంటుంటే మా పిల్లలు నారాయణఖేడ్‌లో తెలుగుని బతికించాలా? ఆ బరువుకి మా వీపులే ఎందుకు? నేను తెలుగుని ప్రేమిస్తాను. అందులోనే తింటున్నాను. నా ప్రేమకి ఇంకొకరి బిడ్డని జీతం లేకుండా కాపలా పెట్టను.

రెండోవారు మనవాళ్లే, అందుకే నెమ్మదిగా చెబుతాను. జీవో వచ్చింది, పని అయిపోయింది అనుకుంటున్నారు. ఆ జీవో అప్పటికి ఆరేళ్లున్న పిల్లలకి. తెలుగు మీడియంలో చదివి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో కాలేజీ గడప ఎక్కి, ఇప్పుడు ఇరవై ఐదు, ముప్పై, ముప్పై ఐదేళ్లున్న తరం ఒకటుంది. ఆ తరం గురించి మన డిమాండ్ల కాగితంలో ఒక్క లైను లేదు. చంద్రభాన్ ప్రసాద్ గారు 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో ఇంగ్లీషు దేవి గుడికి పునాది వేయించారు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, ఆ ఊహలోని ఎకసెక్కం నాకు ఇష్టం కూడా. కానీ నాకు దేవత వద్దు. దేవత అంటే మళ్లీ మడి. ముట్టుకుంటే మైల పడుతుందేమోనని చేతులు కట్టుకుని నిలబడాలి. మన పిల్లలు ఇప్పటికే ఇంగ్లీషు ముందు అలాగే నిలబడుతున్నారు. నాకు అది పారలా కావాలి. మట్టి అంటుకోవాలి, పిడి అరగాలి.

అంబేడ్కర్ కంటే ఉదాహరణ ఎందుకు? 1920లో మూక్‌నాయక్ మరాఠీలో పెట్టాడు, 1936లో కుల నిర్మూలన ఇంగ్లీషులో అచ్చు వేశాడు. మనవాళ్లతో మనవాళ్ల భాషలో, మన మెడ మీద కూర్చున్నవాళ్లతో వాళ్లు తప్పించుకోలేని భాషలో. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోలేదు.

ఏం చేస్తున్నామో కూడా చెబుతాను, ఊరికే తిట్టి పోతే ఎలా. ఆరు నెలలుగా ఆదివారం పొద్దున కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో పది పన్నెండు మందిమి కూర్చుంటున్నాం. హాస్టల్ పిల్లలు, ఒక డెలివరీ కుర్రాడు, ఇద్దరు టెస్టర్లు, నేను. మాస్టరు లేడు. రెండు కట్టుబాట్లు. మాట్లాడేటప్పుడు మధ్యలో ఎవరూ దిద్దకూడదు. 'సారీ, మై ఇంగ్లీష్ ఈజ్ నాట్ గుడ్' అని మొదలుపెట్టకూడదు. మొదలుపెడితే అందరికీ చాయ్ వాళ్లే. మొదటి నెల చాయ్ ఖర్చు నాదే ఎక్కువ.

హిల్ స్టేషన్లు లేవు. మన సంగతులే మాట్లాడాలి. వాడలో బోరింగు, ఏప్రిల్ 14 ఊరేగింపు, హాస్టల్లో పురుగుల అన్నం, అమ్మ చేసే పని. మొదటి ఆదివారం ఒక కుర్రాడు లేచి, "మై ఫాదర్ ఈజ్ డప్పు" అన్నాడు. ఎవరూ దిద్దలేదు. అందరికీ అర్థమైంది, నిజానికి అంతకంటే సరైన వాక్యం నేను చాలా రోజులుగా వినలేదు. నాలుగో ఆదివారానికి తనంతట తనే "మై ఫాదర్ ప్లేస్ డప్పు" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే, ఫోన్లో తన మాట తనే రికార్డు చేసి వింటున్నాడట. ఇంటర్వ్యూలో మాట అర్థం కాకపోతే మళ్లీ అడగమని వేషం వేసి ఆడిస్తాం. మళ్లీ అడగడం అడుక్కోవడం కాదు, ఎదుటివాడు కూడా మన మాట అర్థం కాకపోతే అడుగుతాడు కదా అని ఒకరికొకరం చెప్పుకుంటాం. కొంచెం ఆలోచించి చెబుతానని ఇంగ్లీషులో అనడం, అన్నాక నిజంగానే ఆగి ఆలోచించడం, ఇది అన్నిటికంటే కష్టం. మౌనంగా ఉంటే మొద్దు అనుకుంటారని మనకి బడిలో నేర్పారు.

ఇది మా వంతు. కంపెనీల వంతు ఏమిటి? 'కమ్యూనికేషన్' అని రాసి తోసేసే ముందు, ఏ పనికి ఎంత మాట కావాలో ప్రకటనలోనే రాయండి. రోజంతా కోడు పరీక్షించే మనిషికి ఊటీ గురించి రెండు నిమిషాల ఉపన్యాసం ఎందుకో చెప్పండి. తండ్రి పని అడగడం ఆపండి. తీసేస్తే ఏ ప్రశ్నకి ఏ జవాబు తక్కువైందో కాగితం మీద ఇవ్వండి. ప్రైవేటులో రిజర్వేషన్ అంటే మెరిట్ పాడవుతుందంటారు కదా, కనీసం మీ మెరిట్ కొలత ఏమిటో బయట పెట్టండి. కాలేజీల్లో మేమూ సిగ్గుపడాలి. ఇంగ్లీషు ల్యాబు అని పెట్టి పిల్లల చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఎవరో లండన్ మనిషి మాటలు వినిపిస్తున్నాం. పిల్లలు వింటున్నారు. వాళ్ల మాట వినేది ఎవరు?

అన్నట్టు, మా అమ్మాయి ఈ ఆదివారం వచ్చింది. పిన్నిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. అరగంట ఏమీ మాట్లాడలేదు, మేమూ అడగలేదు. తర్వాత తనే లేచి నిలబడింది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఆగింది. మేం గడ్డి పీక్కుంటూ కూర్చున్నాం. కాసేపటికి "మై ఫాదర్ క్లీన్స్ అవర్ విలేజ్" అన్నది. ఆ తర్వాత ఆరు నిమిషాలు మాట్లాడింది. నేను ఫోన్లో టైము చూశాను. పిన్ని మధ్యలో రెండుసార్లు ఇంగ్లీషులోనే అడ్డం వచ్చింది, కట్టుబాటు తప్పినందుకు చాయ్ ఆమెతోనే పెట్టించాం.

గురువారం ఆమెకి ఇంకో ఇంటర్వ్యూ ఉంది, గచ్చిబౌలిలో. నాయన పని అడిగితే ఇదే వాక్యం చెబుతానంటోంది. చెప్పమనాలా వద్దా అని రెండు రోజులుగా నాలో నేను కొట్టుకుంటున్నాను. చెబితే ఆ కుర్చీ దక్కకపోవచ్చు, ఆ సంగతి ఆమెకి నాకంటే బాగా తెలుసు. మీలో హెచ్ఆర్‌లో పనిచేసే అన్నలూ అక్కలూ ఎవరైనా ఉంటే ఆ గదిలో అటువైపు ఏం జరుగుతుందో ఇక్కడ రాయండి, చదివి ఆమెకి చెబుతాను. ఆదివారం ఏడున్నరకి గార్డెన్ గేటు దగ్గర ఉంటాం, రావాలనుకునేవాళ్లు రండి. మెస్సుల గురించి వచ్చే వారం.

జై భీమ్.